ఎటు దిగాలో స్టేషనే చెప్పాలి



సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పునర్నిర్మాణానికి 2023లో శంకుస్థాపన జరిగింది. పనులు సాగుతున్నంతకాలం ప్రయాణికులు కొంత ఓర్చుకోక తప్పదు. కానీ ఊరికి కొత్తవాళ్లకు దారి చూపే బోర్డులు కూడా కొత్త భవనం వచ్చేదాకా ఆగాలా?

ఈ స్టేషన్‌కు రెండు వైపులా దారులున్నాయి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు దిగితే రేతిఫైల్ బస్‌స్టేషన్, సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో. పదో నంబరు వైపు దిగితే బోయిగూడ. గాంధీ ఆసుపత్రికి అదే దగ్గర. నగరంలో ఉండేవాళ్లకు ఇది కొట్టిన పిండి. జిల్లాల నుంచి వైద్యానికి వచ్చేవాళ్లకు ఎవరు చెబుతారు? పొద్దున్నే ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద చూడండి. చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో సంచి, పక్కన ఆయాసపడుతున్న పెద్దాయన. మెట్లెక్కి పైకొచ్చి, అటా ఇటా తేల్చుకోలేక ఆగిపోతారు. వెనక జనం తోసుకొస్తుంటారు. ఆ క్షణంలో వాళ్లకు కావలసింది ప్లాట్‌ఫారం నంబరు కాదు, ఆసుపత్రి ఎటువైపో చెప్పే బాణం. అది కనబడకపోతే గుంపుతోపాటు ఒకటో నంబరు వైపు దిగి, ఆటో ఎక్కి, పట్టాల అవతలికి చుట్టు తిరిగి వెళ్లాల్సిందే.

ఫోన్‌లో మ్యాప్ చూసుకోవచ్చు కదా అంటారు. వంతెన మీద నిలబడ్డ మనిషికి ఏ మెట్లు దిగాలో మ్యాప్ చెప్పదు. పైగా అందరి చేతుల్లో అలాంటి ఫోన్లు లేవు. అడిగితే చెప్పేవాళ్లు ఉంటారు, నిజమే. రైలు అందుకోవాలని పరుగెత్తేవాళ్లను ఎంతమందిని ఆపి అడుగుతారు?

ఖర్చు పెద్దగా లేని పని ఇది. వంతెన మీద మెట్లు చీలే ప్రతిచోటా తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో పెద్ద అక్షరాలతో ‘గాంధీ ఆసుపత్రి’, ‘మెట్రో’, ‘సిటీ బస్సులు’ అని రాసి బాణం గుర్తు పెట్టాలి. లిఫ్టు ఎక్కడుందో ప్లాట్‌ఫారం మీదే తెలియాలి. పనుల వల్ల దారి మారిన రోజే బోర్డూ మారాలి. కొన్ని రైళ్లు 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌కు మారాయి కనుక, అక్కడినుంచి నగరంలోకి వెళ్లే బస్సుల వివరాలు కూడా అక్కడి ప్లాట్‌ఫారాల మీద రాయాలి.

దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం రైల్ నిలయం ఈ స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంది. అధికారులు ఒక్క ఉదయం ఆ వంతెన మీద నిలబడి చూసి, ఈ బోర్డులు వెంటనే పెట్టించాలని కోరుతున్నాను.

– ఒక ప్రయాణికుడు, జనగామ