అమ్మని అడిగారా?

'వృద్ధాశ్రమం' అన్న మాట మనం ఇప్పటికీ గొంతు తగ్గించే అంటాం. నేనూ అలాగే అన్నాను. క్రిందటేడు ఒక రాత్రి వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఫోనులో మా తమ్ముడితో! పక్క గదిలో మంచం మీద ఉన్నది మా అమ్మ. మేం మాట్లాడుకుంటున్నది ఆవిడ గురించే.

అమ్మకి 79 ఏళ్ళు. నాన్న పోయాక దెందులూరులో మా పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. ఏలూరు వచ్చి మాతో ఉండమంటే "నా ఇంట్లో నాకేం తక్కువే?" అనేది. వానాకాలంలో ఒకనాడు పెరట్లో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక మా ఇంటికే తెచ్చుకున్నాను. నాకూ మా వారికీ కూడా ఉద్యోగాలు. పగలు చూసుకోవడానికి పెట్టుకున్న మనిషి వారం వస్తే పదిరోజులు మానేసేది. హైదరాబాదులో తమ్ముడిదీ అదే పరిస్థితి. "ఎక్కడైనా మంచి హోమ్‌లో చేర్పిద్దామా అక్కా?" అని వాడంటే ఒళ్ళు మండింది. కానీ నిజం చెప్పొద్దూ... ఆ మాట నెల ముందే నా మనసులోకి వచ్చి కూచుంది.

'జనం ఏమంటారో' అన్నదే మన మొదటి భయం. అనే జనంలో ఒక్కరూ వచ్చి ఓ పూట అమ్మకి స్నానం చేయించరు కదా! ఇంట్లో పెట్టుకుని చూసుకోవడం అంటే ఎవరు చూసుకోవడం? కూతురో కోడలో. పెద్దల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 'పిల్లలు' అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాసి ఉంది. ఆ వరసలో కోడలి పేరు లేదు. ఇళ్ళల్లో మాత్రం మొదటి పేరు ఆవిడదే! ఉద్యోగం మానుకోవలసి వస్తే ఆవిడే మానాలి. ఆశ్రమంలో చేర్పిస్తే 'కోడలే గెంటేసింది' అన్న మాట కూడా ఆవిడే పడాలి.

సరే, అలా అలా ఏలూరు దగ్గర రెండు, తాడేపల్లిగూడెం వైపు ఒకటి, మూడు చోట్లకి వెళ్ళి చూశాను. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. ఒకచోట నెలకి 18 వేలు, లక్ష రూపాయల డిపాజిట్ అన్నారు. 'ఫరవాలేదు, తూగగలం' అనుకున్నాను. తీరా కూచుని ఒక్కొక్కటే అడిగితే... మందులు వేరు. డయపర్లు వేరు. ఫిజియోథెరపీ వేరు. మంచం దిగలేని స్థితి వస్తే రాత్రికి ప్రత్యేకంగా మనిషి, ఆ జీతం వేరు. కలిపితే 27 వేలు దాటింది! ఏడాదికోసారి ఎంత పెంచుతారని అడిగితే మాత్రం అక్కడి మేనేజరు నవ్వి ఊరుకున్నాడు.

నేను నేర్చుకున్నది మీకూ చెబుతాను. ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోకుండా డిపాజిట్ కట్టకండి. నెల డబ్బులో ఏవేవి కలిసి ఉంటాయి, ఏవి వేరు? ఏటా ఎంత పెంచుతారు? మధ్యలో వచ్చేస్తే, లేదా మనిషి పోతే డిపాజిట్ ఎన్నాళ్ళలో తిరిగిస్తారు? జబ్బు ముదిరితే ఉంచుకుంటారా, తీసుకుపొమ్మంటారా? ఈ ఆఖరిది అడగడానికి మనకి నోరు రాదు. అదే ముందు అడగాలి.

ఇక డబ్బు సంగతి. మనది పల్లెటూరి ఆదాయం. అమ్మకున్న ఎకరంన్నర కౌలు ఏడాదికోసారి, పంట ఇంటికొచ్చాక చేతికొస్తుంది. కొల్లేటి వైపు చేపల చెరువులకి భూమి లీజుకిచ్చినవాళ్ళదైనా ఇంచుమించు ఇంతే. హోమ్ వాళ్ళకి మాత్రం నెలనెలా కట్టాలి! చాలా ఇళ్ళల్లో రెండో ఏడాదికే చిక్కు వచ్చేది ఇక్కడ. చేతిలో కాస్త సొమ్ముంటే పెద్దవాళ్ళ పేరునే పోస్టాఫీసులో వేయడం మేలు. నెలసరి ఆదాయ పథకంలో ఒక్కరి పేర 9 లక్షల వరకు, సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 30 లక్షల వరకు వేసుకోవచ్చని 2023లో పరిమితులు పెంచారు. మొదటిదానిలో వడ్డీ నెలనెలా, రెండోదానిలో మూడు నెలలకోసారి వస్తుంది. అది చాలకపోతే మిగతాది ఎవరెంత వేసుకోవాలో పిల్లలు ముందే తేల్చుకోవాలి. 'నువ్వు దగ్గరున్నావుగా, చూసుకో' అనడం వాటా కిందికి రాదు.

మా ఇంట్లో అసలు ముడి అక్కడే పడింది. "దెందులూరు ఇల్లు నా పేర రాయించెయ్యండి, నెలనెలా నేనే కట్టేస్తాను" అన్నాడు తమ్ముడు. వాడు చెడ్డవాడు కాదు. అప్పుల్లో ఉన్నవాడు. నేనూ సరే అనబోయాను, భారం దిగుతుంది కదా అని. ఒక లాయరుగారు ఆపారు. ఆ 2007 చట్టంలోనే 23వ సెక్షన్ ఒకటుందట. బాగోగులు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక చూడకపోతే, ఆ రాతని రద్దు చేయమని పెద్దవాళ్ళు ట్రిబ్యునల్‌ని అడగవచ్చు. మరి షరతు కాగితం మీద లేకపోతే? 2022 డిసెంబరులో ఒక కేసులో, షరతు ఉన్నట్టు చూపించనిదే ఆ సెక్షన్ వర్తించదంది సుప్రీంకోర్టు. 2025 జనవరిలో మరో కేసులో, చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితాన్ని చూసి తల్లి పక్షాన తీర్పిచ్చింది. రెండు తీర్పులూ మనకి చెప్పేది ఒకటే... నోటిమాట చాలదు. రాయక తప్పని పరిస్థితే వస్తే, షరతు రాయించాకే సంతకం పెట్టించాలి. రాయకుండా ఉండగలిగితే ఇంకా మంచిది.

ఈ గొడవంతా పదిరోజులు నడిచింది. పదకొండో రోజున అమ్మ మంచం మీంచే అంది: "ఇంతకీ నన్నెవరూ అడగలేదేమర్రా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు కూచోబెట్టి అంతా చెప్పాం, డబ్బుతో సహా. ఆవిడ ఏడవలేదు. ప్రశ్నలు వేసింది. "స్నానం చేయించేది ఆడమనిషేనా? రాత్రి పిలిస్తే పలికేదెవరు? పొద్దున్నే కాఫీ ఎన్నింటికిస్తారు? తలుపుకి లోపలి గడియ ఉంటుందా?" మూడు హోములు తిరిగొచ్చిన నాకు ఇందులో ఒక్కటీ తట్టలేదు! చివరికి తనే తేల్చింది. "ఇల్లు నా పేరే ఉంటుంది. ఒక నెల ఉండి చూస్తాను. నచ్చకపోతే వచ్చేస్తాను."

అలా వెళ్ళి ఎనిమిది నెలలయింది. దెందులూరు ఇల్లు అద్దెకిచ్చాం. కౌలూ అద్దే పోగా మిగిలినది నేనూ తమ్ముడూ చెరిసగం. ప్రతి ఆదివారం వెళతాను. ఒక వారం కబుర్లు చెబుతుంది, ఒక వారం ముఖం తిప్పుకుంటుంది. చేసింది ఒప్పేనా అని తిరిగొచ్చే బస్సులో ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ దొంగతనంగా చేశామన్న బాధ మాత్రం లేదు.

27 వేలు ఎక్కణ్ణుంచి తెస్తాం అనే ఇళ్ళే ఎక్కువని నాకు తెలుసు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకి 4 వేలు. పిల్లల నుంచి ట్రిబ్యునల్ ఇప్పించగల భరణానికి ఆ చట్టం పెట్టిన గరిష్ఠం నెలకి 10 వేలు. దిక్కులేని పెద్దల కోసం ఒక్కో జిల్లాలో కనీసం 150 మందికి సరిపడే ఆశ్రమం ప్రభుత్వం 'పెట్టవచ్చు' అంది చట్టం. పెట్టి తీరాలి అనలేదు. డ్వాక్రా సంఘాల్లో, గ్రామసభల్లో మనం గట్టిగా అడగవలసిన మాట అది. సలహా కావాలన్నా, ఎవరైనా పెద్దవాళ్ళు ఇబ్బందిలో ఉన్నారని తెలిసినా 14567కి ఫోన్ చేయవచ్చు. అది వృద్ధుల కోసం పెట్టిన ఉచిత నంబరు.

పెద్దవాళ్ళని ఆశ్రమంలో చేర్చడం పాపమూ కాదు, ఇంట్లో ఉంచుకోవడమే పుణ్యమూ కాదు. వాళ్ళ బతుకు గురించి వాళ్ళు లేకుండా తేల్చడమే తప్పు. మీ ఇంట్లోనూ ఆ మాట తలుపు చాటున నడుస్తోందా? అయితే తలుపు తీయండి. లెక్క కాగితం పట్టుకుని వెళ్ళి అమ్మ పక్కన కూచోండి. ముందు ఆవిడ ఏమంటుందో వినండి.