దండనమా, ప్రోత్సాహమా, దృష్టాంతమా?

సంఘ సభ్యులగు రైతు సోదరులకు ఒక విషయమును మనవి చేయదలచితిమి. గడచిన సర్వసభ్య సమావేశమున బాకీల ప్రసక్తి వచ్చినప్పుడు రెండు మాటలు వినబడెను. "వాయిదా మీరినవారి పేర్లు పలకపై వ్రాసి కార్యాలయపు గోడకు వ్రేలాడదీయుడు. సిగ్గు కలిగినచో రూకలు అవియే వచ్చును" అని ఒకరనిరి. అంతట బొల్లారము వైపున రెండెకరముల మాగాణి గల వృద్ధసభ్యుడొకడు లేచి, "నా మడిలోనికి మందునీరు వదలినవారి పేర్లు ఏ గోడమీద వ్రాసినారయ్యా?" అని యడిగి కూర్చుండెను. సభ నిశ్శబ్దమయ్యెను.

ఆ ప్రశ్న నాటినుండి మమ్ము విడువలేదు. ఆ రెండు మాటలును ఒక్క విషయమునకే చెందినవి. మనుష్యుడు దేనివలన నేర్చుకొనును? కొట్టుటవలననా, పెట్టుటవలననా, ఎదుటివానిని చూచుటవలననా? దీనికి తగిన జవాబు తెలిసికొననిదే మనము చేయు నిబంధనలన్నియు గాలిలో దీపములే యగును.

మొదట మన కొట్టములోని ఎద్దునే చూడుడు. కొత్త కోడెను అరకకు కట్టు రైతు, అది చాలు తప్పిన క్షణముననే పగ్గము లాగును. చాలులోనికి వచ్చిన క్షణముననే పగ్గము వదలును. సాయంకాలము కొట్టమునకు తోలుకొనివచ్చి, "ఉదయము మూడవ చాలులో ప్రక్కకు పోతివి" అని కొట్టు రైతు మన ఊళ్లలో లేడు. ఉన్నచో ఆ కోడె నేర్చుకొనునది కొట్టమన్న భయమొక్కటే. మఱియు తెలివిగల రైతు కోడెను కోడెతో జతచేయడు. పనిమరిగిన ఎద్దు ప్రక్కన కట్టును. నేర్పుటకు గల మూడు ఉపాయములును ఇందే యున్నవి.

ఈ సంగతినే పాశ్చాత్య పండితులు ప్రయోగములచేత నిరూపించిరి. అమెరికాలో థార్న్‌డైక్ అనునతడు పిల్లులను గడియగల పెట్టెలలో నుంచి, అవి గడియ తీసికొని వెలుపలి ఆహారమును చేరుటకు పట్టు కాలమును లెక్కించి, 1898లో ప్రకటించెను. మొదట పిల్లి నలుదిక్కుల గోకును. దైవికముగా గడియ తగిలి తలుపు తెరచుకొనును. పలుమారులు జరిగిన పిమ్మట అది నేరుగ గడియ యొద్దకే పోవును. సుఖఫలము నిచ్చిన పని నిలుచును, ఈయనిది జారిపోవునని ఆయన సిద్ధాంతము. పిదప స్కిన్నరు అనునతడు ఎలుకలతోను పావురములతోను ఇంకను ముందునకు పోయి, ఫలము వెంటనే వచ్చినచో నేర్పు గట్టిపడుననియు, ఎప్పుడో యొకప్పుడు, ఊహకందకుండ వచ్చు ఫలముచేత అలవడిన పని వదలింప శక్యముకాదనియు తేల్చెను. జూదరి జూదమును మానలేకుండుట ఇందువలననే.

ఇప్పుడు మా వృద్ధసభ్యుని ప్రశ్నకు వత్తము. మన బొల్లారము, పటాన్‌చెరువు ప్రాంతమున 1970 తరువాతి దశాబ్దములలో మందుల కర్మాగారములు, రసాయనముల కర్మాగారములు వరుసగా వెలసెను. పనులు దొరికెను, కాదనము. కాని అసానికుంట, నక్కవాగు ఏమైనవో మీరెరుగుదురు. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువు సమీపపు సామూహిక శుద్ధికేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షింపగా, సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడెను. చికిత్సలో నున్న రోగి రక్తమున నుండు మోతాదు కంటెను ఇది హెచ్చు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమందలి 88 పారిశ్రామిక ప్రాంతములను పరీక్షించి, నూటికి డెబ్బదియు ఆపైని మార్కులు వచ్చిన 43 ప్రాంతములను మిక్కిలి కలుషితములని నిర్ణయించెను. పటాన్‌చెరువు, బొల్లారములకు 70.07 మార్కులు వచ్చెను. మార్కులు హెచ్చినకొలది తల దించుకొనవలసిన పరీక్ష అది యొక్కటే కాబోలు!

దండనము లేకపోయెనా? చట్టములున్నవి. 1990లో ఈ కాలుష్యమునుగూర్చి సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలయ్యెను. అది 2001లో హైకోర్టునకు పంపబడి, అటుపిమ్మట హరిత న్యాయస్థానమునకు చేరెను. నడుమ రైతులకు కొంత నష్టపరిహారమును ముట్టెను. కాని లెక్క చూడుడు. శుద్ధి చేయక నీటిని వాగులోనికి వదలువానికి ఖర్చు మిగులుట ఆ రాత్రియే. దండనమో, పట్టుబడిన గదా! పట్టుబడినను ఎన్ని యేండ్లకు! వాన కురియు రాత్రి వదలిన నీరు తెల్లవారునప్పటికి మంజీర దారి పట్టును. నమూనా తీయవచ్చిన ఉద్యోగికి మిగులునది తడిసిన ఇసుకయే. లాభము నేడు, నిశ్చయము. శిక్ష ఎప్పుడో, అనుమానము. ఇట్టి శిక్ష వర్తకుని ఖాతాలో ఒక ఖర్చుపద్దుగా మారును గాని పాఠము కాజాలదు. చట్టము మెత్తనిదని కొందరందురు. అది ఆలస్యముగ వచ్చుటయే అసలు లోపమని మా యభిప్రాయము.

పరుల తప్పునే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. మన మడులలో జరుగునదియు ఇదియే. యూరియా చల్లిన వారము దినములలో పైరు నల్లబడి కన్నుల పండువగును. ఆ పచ్చదనమే మనకు బహుమానము. అధిక నత్రజనిచేత తెగులు హెచ్చుట, పైరు పడిపోవుట అను శిక్ష నెల దాటిన తరువాత వచ్చును; అప్పుడు దానిని వాతావరణముపై వేయుదుము. పురుగుమందును ఇట్టిదే. కొట్టిన మరునాడే చచ్చిన పురుగులు కనబడును. వానితోపాటు చచ్చిన సాలీళ్లను ఎవరు లెక్కింతురు? సాలీళ్లు లేని మడిలో సుడిదోమ ఇబ్బడి ముబ్బడిగ పెరిగినప్పుడు ఇంకొక డబ్బా కొనుచున్నాము. ఇండోనేషియా దేశము ఈ చిక్కును గ్రహించి 1986లో వరిపై 57 రకముల మందులను నిషేధించెను. 1989 నుండి రైతులు గుంపులుగ మడిలో దిగి, మిత్రపురుగులను శత్రుపురుగులను లెక్కించు బడులను నడిపెను. మన తెలుగునాట పొలంబడి యనునది ఆ జాతిదే. ఆలస్యముగ వచ్చు ఫలమును ముందుగనే కన్నులకు చూపుట దాని కిటుకు.

ఇక అప్పుల మాట. సంఘమునకు ప్రాణమైన విషయము గనుక కొంత విపులముగ వ్రాయుదుము. పంటరుణమునకు వడ్డీ నూటికి ఏడు. వాయిదాలోపల చెల్లించినవానికి మూడు తగ్గి నాలుగే పడును. లక్ష రూపాయలు తీసికొన్నవానికి ఏడాదికి 3,000 రూపాయలు మిగులునన్నమాట. మంచి బహుమానమే, కాని అది కాగితములలో సర్దుబాటగును గాని రైతు చేతికి రాదు, చెవికి సోకదు. కానరాని బహుమానము లేని బహుమానముతో సమానము. దీనికి మారుగ రుణమాఫీ డప్పు కొట్టుకొని వచ్చును. 1990లో వచ్చెను, 2008లో వచ్చెను, తెలంగాణమున 2014 తరువాతను 2024లోను వచ్చెను. ఎప్పుడు వచ్చునో తెలియదు, వచ్చుట మాత్రము కలదు. స్కిన్నరు పావురము మీటను వదలక పొడుచుటకు కారణమైన బహుమానము సరిగ ఇట్టిదే.

మమ్ము తప్పుగ తలపవలదు. వానలు లేక, ధర లేక మునిగిన రైతునకు మాఫీ ఊపిరి పోసినది. దానిని నిందించువారము కాము. కాని భార్య మెడలోని గొలుసు కుదువపెట్టి వాయిదానాడు చెల్లించినవాడు, చెల్లింపని పొరుగువానికి మాఫీ వచ్చుట చూచి ఏమి నేర్చుకొనును? 2008లో ఆనాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మాఫీ వర్తింపని, సక్రమముగ చెల్లించిన రైతులకు 5,000 రూపాయల ప్రోత్సాహక మిచ్చుట ఈ బాధను గుర్తించియే. అట్టి గుర్తింపు ప్రతి సంవత్సరము, సంఘపు గడపలోనే కలుగవలెను.

గోడపై పేర్లు వ్రాయుటను మేమేల వ్యతిరేకించుచున్నాము? మేము చిన్ననాట చదివిన మిషను బడిలో ఒక ఉపాధ్యాయుడు లెక్క తప్పినవానికి బెత్తముతో అరచేయి వాచునట్లు కొట్టెడివాడు. మేము లెక్కలు నేర్చుకొంటిమా? లేదు. పలక దాచుట, ముందుబల్లవాని జవాబు దొంగచూపున వ్రాసికొనుట, ఆ గంటకు కడుపునొప్పి తెచ్చుకొనుట నేర్చితిమి. మరుసటి యేడు వచ్చిన ఉపాధ్యాయుడు మా ప్రక్కన చాపపై కూర్చుండి తానే లెక్క చేయుచు, నడుమ తప్పి, దిద్దుకొనెడివాడు. మాకు వచ్చిన లెక్కలు ఆయన పెట్టిన భిక్ష. శిక్ష పనిని ఆపును. సరియైన పనిని చూపదు. సిగ్గుపడిన బాకీదారు సంఘమునకు రాడు. వడ్డీవ్యాపారి యింటికి పోవును. అప్పుడు సంఘమునకు బాకీయు పోయె, సభ్యుడును పోయె.

మూడవది దృష్టాంతము. 1961లో బందూరా అను పండితుడు పెద్దలు గాలిబొమ్మను మోదుచుండగా చిన్నపిల్లలను చూడనిచ్చెను. పిల్లలు అట్లే మోదిరి. 1965లో, బొమ్మను మోదినవానికి శిక్ష పడుట చూచిన పిల్లలు అంతగా మోదలేదు. కాని "చూచినది చేసి చూపినచో బహుమానము నిత్తుము" అనినంతనే వారును తక్కినవారితో సమానముగ చేసి చూపిరి. అనగా, చేయకున్నను నేర్చియే యుండిరి! తండ్రి పురుగుమందు డబ్బాను బావిలో కడుగుట చూచిన పిల్లవాడు నేడేమియు అనడు. ఇరువది యేండ్లకు తన కొడుకు ఎదుట అట్లే కడుగును.

పెద్దలును ఇట్లే. అమెరికాలోని అయోవా రాష్ట్రమున సంకరజాతి మొక్కజొన్న వ్యాపించిన తీరును 1943లో ఇద్దరు పరిశోధకులు ప్రకటించిరి. విత్తనమున్నదని వార్త తెచ్చినవాడు వర్తకుడు. వేయవలెనని నమ్మించినవాడు పొరుగురైతు. మన ఖమ్మము వైపు పునుకుల గ్రామమున 1999 ప్రాంతమున ఏ కొద్దిమందియో పురుగుమందు మాని, వేపకషాయము మొదలగు ఉపాయములతో ప్రత్తి పండింపగా, కొలది యేండ్లలో ఊరంతయు మందు మానివేసెను. అక్కడ పనిచేసినది గట్టుమీదినుండి చూచిన కన్ను.

ఇందు మా తప్పును ఒప్పుకొందుము. ప్రదర్శనక్షేత్రమును మేము చాలకాలము బాటప్రక్కన, మంచి నేలలో, ఉచిత ఎరువుతో వేసితిమి. రైతులు చూచి, "సర్కారు పైరు బాగున్నది" అని పోయెడివారు. ఒకమారు చవిటి తగిలిన ఎకరములో, ఒక వితంతువు తన ఖర్చుతోనే కంది వేసి, సగము మొలకలు చావగా తిరిగి విత్తినది. ఆ గట్టుమీద నిలిచినంత మంది రైతులు మా బాటప్రక్కకు ఎన్నడును రాలేదు.

కావున ఈ క్రింది సంగతులను సంఘమునకు సూచించుచున్నాము. వాయిదాలోపల చెల్లించినవానికి ఆ దినముననే, నలుగురి యెదుట, మిగిలిన వడ్డీ యింత యని చదివి రసీదుపై వ్రాసి యీయవలెను. గోడకు పలక యుండనిండు. దానిపై చెల్లించినవారి పేర్లుండవలెను. పంట పోయినవాని యింటికి వాయిదాకు నెల ముందే సంఘమువారు పోయి గడువు మాట మాట్లాడవలెను. ఉండియు ఈయనివానిపై నిబంధన తప్పక నడువవలెను. అది పాలకవర్గపు సభ్యునిపైనను అదే దినమున నడువవలెను.

వాగుకును ఒక పుస్తకము పెట్టవలెను. వంతుల ప్రకారము ఒక సభ్యుడు దినమునకు రెండుమారులు నీటి రంగు, వాసన, వేళ వ్రాసి, తేడా కనబడిన గడియలోనే పటము తీసి కాలుష్యమండలి కార్యాలయమునకు పంపవలెను. పదియేండ్ల తరువాతి తీర్పు నేర్పలేని పాఠమును అదేరాత్రి తెరచియున్న కన్ను నేర్పవచ్చును. రాత్రి యెవరో చూచుచున్నారని తెలిసిన చేయి గొట్టమును తిప్పుటకు ముందు ఒకమారు ఆగును.

ఆ వృద్ధసభ్యునికి మా జవాబు ఇది: తాతా, ఆ పేర్లు ఏ గోడమీదను వ్రాయలేదు. వాగు పుస్తకము నీ చేతనే మొదలుపెట్టింతుము. రాబోవు సమావేశమున ఈ సూచనలపై సభ్యులు తమ యభిప్రాయములను నిర్మొగమాటముగ తెలుపుదురుగాక.