బచావత్ తూకంలో అనంతపురం

అనంతపురంలో నీళ్ల మాట ఎత్తితే బచావత్ పేరు రాక తప్పదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన ఆర్.ఎస్. బచావత్ మధ్యవర్తిత్వ చట్టం మీద రాసిన పుస్తకాన్ని న్యాయవాదులు ఇప్పటికీ తిరగేస్తూనే ఉన్నారు. 1969లో ఆయన కృష్ణా జలవివాదాల ట్రిబ్యునల్ అధ్యక్షుడయ్యారు. న్యాయశాస్త్రంతో పనిలేని పల్లెలకూ ఆయన పేరు చేరింది అప్పుడే.

మూడు రాష్ట్రాలు ఎవరి లెక్క వారు చెబుతుంటే, నాలుగేళ్లలో మూడేళ్లయినా కచ్చితంగా పారే నీరు, అంటే నికర జలాలు, 2,060 టీఎంసీలని ఆ ట్రిబ్యునల్ తేల్చింది. 1973లో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. మిగులు జలాలు వాడుకునే వెసులుబాటు దిగువనున్న మనకే దక్కింది. శ్రీశైలం నీటిని అనంతపురానికి ఎత్తిపోసే హంద్రీ–నీవా పథకానికి ఆధారం అదే. నదుల తగాదాలో ఇంత స్పష్టమైన లెక్క చిన్న విషయం కాదు.

అయినా రాయలసీమ గోడును కొట్టిపారేయలేం. 1960 సెప్టెంబరు నాటికి నడుస్తున్న, లేదా పరిశీలనలో ఉన్న ప్రాజెక్టులకే తీర్పు ముందు రక్షణ ఇచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఆనకట్ట కట్టుకున్న కృష్ణా డెల్టాకు చూపించడానికి పాత వాడకం ఉంది. ఏటా 550 మిల్లీమీటర్ల వానతో బతికే అనంతపురానికి ఎక్కడిది? నీళ్లు లేకపోవడమే నీళ్లు దక్కకపోవడానికి కారణమైంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. పైగా మిగులు జలాల మీద హక్కు పుట్టదని కూడా అదే తీర్పు చెప్పింది.

చేతికొచ్చిన వాటా సంగతీ చూడాలి. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ)లో మనకు కాగితం మీద 32.5 టీఎంసీలు. 133 టీఎంసీలు పట్టిన డ్యాం పూడికతో 105కు దిగింది. ఆ మేరకు వాటాకూ కోత పడుతోంది. కాలువ చివరి భూముల రైతు చెనిక్కాయ వేసి మళ్లీ మొగులు వైపే చూస్తాడు.

ఇందులో బచావత్ తప్పెంత? ఆయన 800 టీఎంసీలను గంపగుత్తగా ఇచ్చారు. వాటిని లోపల పంచుకునే బాధ్యత రాష్ట్రానిది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమకు నీళ్లలో పెద్దపీట వేస్తామన్న మాటను నిలబెట్టుకోనిది మన ప్రభుత్వాలే. నా లెక్కలో వీళ్ల తప్పే పెద్దది.

పట్టిసీమ ఎత్తిపోతల పథకం వచ్చాక డెల్టాకు గోదావరి నీరు అందుతోంది. అక్కడ ఆదా అయిన కృష్ణా నీటిలో హంద్రీ–నీవాకు నికర జలాలు రాసివ్వాలి. అది ప్రభుత్వం చేయగలిగిన పని, వెంటనే చేయాలి.