నాన్నగారి లెన్సు

మొన్న మా నాన్నగారి పాత పెట్టె సర్దుతుంటే 35-70 జూమ్ లెన్సు బయటపడింది. మా చెల్లెలి పెళ్లి ఫోటోలన్నీ ఆయన దానితో తీసినవే. మావాడు దాన్ని తన డిజిటల్ కెమెరాకు బిగించాడు. ఫోకసు కదలదు, మెదలదు.

"ఇది పనికిరాదు నాన్నా, అమ్మేద్దాం" అన్నాడు. నా మనసు చివుక్కుమంది.

తీరా విచారిస్తే లెన్సుకు జబ్బేమీ లేదు! 1986 నుంచి వచ్చిన నైకాన్ ఆటోఫోకస్ లెన్సులు చాలావాటికి సొంత మోటారు ఉండదు. కెమెరాలోని మోటారే చిన్న మరద్వారా వాటిని తిప్పాలి. డి7500లో ఆ మోటారు ఉంది. డి3500, డి5600లలో లేదు. బిగించే మౌంటు మాత్రం 1959 నాటిదే గనుక, లెన్సు చక్కగా అతుకుతుంది.

మరి ఉపాయమేమిటంటారా? ఎపర్చరు రింగును చివరి అంకె 22 మీద బిగించాలి. లేకుంటే కెమెరా మొరాయిస్తుంది. ఫోకసు రింగును చేత్తో తిప్పుతూ, వ్యూఫైండరులో ఎడమవైపు కింద పచ్చచుక్క నిలకడగా వెలగగానే మీట నొక్కాలి.

ఆదివారం హనుమకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లాం. 1163 నాటి గుడి. అక్కడి నల్లరాతి నంది ఎక్కడికీ పరుగెత్తదు గదా! మావాడు రింగు తిప్పాడు, చుక్క వెలిగింది. బొమ్మలో నంది మెడమీది చెక్కడమంతా స్పష్టంగా పడింది. పక్కన పరుగెత్తే పిల్లలు మాత్రం మసక మసక!

"తాతయ్య కూడా ఇలాగే తిప్పేవాడా?" అన్నాడు.

"లేదురా, ఆయన కెమెరాలో మోటారుండేది. ఇప్పుడా పని నీ చెయ్యి చేసింది" అన్నాను.

అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.