మసి తగ్గితే సరిపోదు

స్కూలు బస్సు వెనక నుంచి నల్లటి పొగ వస్తే ముక్కు మూసుకుంటాం. పొగ కనిపించకపోతే బండి కండిషన్‌లో ఉందనుకుంటాం. బయోడీజిల్ విషయంలోనూ మనది ఇదే ధోరణి. మొక్కల నూనెతో చేసిందే కదా, దాని పొగ ఏం చేస్తుందిలే అన్న ధీమా. ఆ ధీమా మంచిది కాదు.

బయోడీజిల్‌తో మసి తగ్గే మాట నిజమే. ఇంజిన్‌లో ఆక్సిజన్ చాలని చోట ఇంధనంలోని కార్బన్ పూర్తిగా కాలక మసిగా మారుతుంది. మామూలు డీజిల్‌లో మసికి బీజం వేసే ఆరోమాటిక్ రసాయనాలుంటాయి. బయోడీజిల్‌లో అవి దాదాపు ఉండవు. పైగా దాని బరువులో సుమారు 11 శాతం ఆక్సిజనే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2002లో అప్పటి భారీ వాహనాల ఇంజిన్ల పరీక్షలన్నీ క్రోడీకరించింది. పూర్తిగా బయోడీజిల్ వాడితే పొగలోని కణాలు దాదాపు సగం తగ్గుతాయని తేలింది.

అయితే అదే లెక్కలో నైట్రోజన్ ఆక్సైడ్లు సుమారు 10 శాతం పెరిగాయి. ఇవి శ్వాసనాళాల్లో మంట, వాపు తెస్తాయి. ఆస్తమా ఉన్న పిల్లలకు మరీ ఇబ్బంది. బయోడీజిల్‌ను 20 శాతమే కలిపితే కణాల తగ్గుదల కూడా పదో వంతు దగ్గరే ఆగింది. మన జాతీయ జీవ ఇంధన విధానం 2030కి పెట్టుకున్న లక్ష్యమే 5 శాతం. అంటే ట్యాంకులో పడేది చాలామటుకు మామూలు డీజిలే. డీజిల్ ఇంజిన్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే ప్రకటించింది. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే సన్నటి కణాలు కంటికి ఆనవు కూడా.

బయోడీజిల్ వద్దని నా వాదన కాదు. అది రావాలి. కానీ ఇంధనం మారిందని జాగ్రత్త మానకూడదు. గేటు దగ్గర ఆగిన బస్సుల ఇంజిన్లు ఆపించమని స్కూలు వాళ్లను అడగండి. బీఎస్-6 డీజిల్ బండిలో మసిని పట్టే ఫిల్టర్ తీయించేస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అపార్ట్‌మెంట్ జనరేటర్ పొగగొట్టం ఎవరి కిటికీ వైపు ఉందో ఓసారి చూడండి. వాడేసిన వంటనూనెను నేరుగా ఇంజిన్‌లో పోస్తే అది బయోడీజిల్ అయిపోదు. ఇంజెక్టర్లు పట్టేసి పొగ ఇంకా పెరుగుతుంది. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.