కొండ మీద మరియమాత, కొండ కింద కొబ్బరికాయలు

మా బాన్సువాడ వాళ్ళకు చర్చి అంటే మెదకే. కరవు రోజుల్లో పని కల్పించి, తిండి పెట్టి పాస్నెట్ దొర కట్టించిన ఆ దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. అదే 1924లో బెజవాడ పక్కన గుణదలలో మరో క్షేత్రం మొదలయింది. మా వైపు ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. మెదకుది ప్రొటెస్టెంట్ల సంప్రదాయం, గుణదలది కాథలిక్కులది. మొదటి దానిలో మరియమాతకు మొక్కులుండవు, రెండవదానికి ఆ మొక్కులే ప్రాణం.

గుణదల క్షేత్రానికి ఇటలీతో పుట్టుసంబంధం ఉంది. 1850లో మిలన్‌లో ఏర్పడిన మిషనరీ సంఘం గురువులు ఆ దశాబ్దంలోనే హైదరాబాదు ప్రాంతానికి వచ్చారు. ఆ సంఘానికి చెందిన ఫాదర్ ఆర్లాటి గుణదలలోని సెయింట్ జోసఫ్ అనాథాశ్రమానికి అధిపతిగా ఉంటూ, 1924లో అక్కడి కొండ గుహలో మరియమాత విగ్రహాన్ని నిలిపారు. ఉత్తర ఇటలీలో పైన మాత గుడి, కింద ఊరు అన్న అమరిక కొత్త కాదు. బియెల్లా పట్టణానికి పైన ఆల్ప్స్ ఒడిలో ఓరోపా క్షేత్రం అలాంటిదే. అక్కడి మాత నల్లని మూర్తి. ఆ దేశంలో పుట్టినవాడికి ఆశ్రమం వెనక ఒక రాతికొండ, దానిలో ఒక గుహ కనబడితే మనసులో ఏం మెదిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 1933లో కొండ కొమ్మున 18 అడుగుల ఇనుప శిలువ వెలిసింది. ఇప్పుడున్న చర్చి 1971 నాటిది. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులోని లూర్దులో మాత తొలి దర్శనమిచ్చిందని కాథలిక్కుల నమ్మకం. గుణదల తిరునాళ్ళు ఏటా ఆ తేదీతోనే ముగుస్తాయి.

అమరిక ఇటలీది కావచ్చు. కానీ కొండ కింద జరిగేదంతా మనదే. అక్కడ తలనీలాలిస్తారు. కొబ్బరికాయలు కొడతారు. కాయలమ్మే ఆవిడ నన్ను ఏ మతమని అడగలేదు, "ఎన్ని కాయలు మొక్కుకున్నారండీ?" అని మాత్రం అడిగింది.

దీని మీద రెండు వైపుల నుంచీ అభ్యంతరాలున్నాయి. మా ఆచారాలను ఎత్తుకుపోయి జనాన్ని ఆకర్షిస్తున్నారని కొందరు హిందువులంటారు. ఇది విగ్రహారాధన, వదిలించుకున్న మూఢత్వం మళ్ళీ తలకెక్కిందని కొందరు క్రైస్తవులంటారు. నాకు మొదటి మాట బొత్తిగా నిలవదు. ఎత్తుకుపోవడానికి అది ఒకరి పెట్టెలో ఉన్న వస్తువు కాదు. గుండు చేయించుకునే మనిషి తాత కూడా ఏదో ఒక కొండ కింద గుండు చేయించుకున్నవాడే. దేవుణ్ణి మార్చుకున్నవాడూ, మార్చుకోకుండానే ఈ కొండకు కూడా వచ్చినవాడూ అడిగే తీరు మాత్రం మార్చుకోలేదు.

రెండో అభ్యంతరంలో పస ఉంది. మొక్కులో బేరం ఉన్నమాట నిజం. దైవకృప బేరానికి దొరకదని చెప్పే మతపండితుణ్ణి నేను కాదనలేను. అయితే మన భాష చూడండి. అప్పూ చెల్లిస్తాం, మొక్కూ చెల్లిస్తాం. రెండూ తీర్చవలసినవే. చేతిలో రూపాయి లేనివాడికి కూడా తల మీద జుట్టుంటుంది. బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే అతడు తాకట్టు పెట్టగలిగింది అదొక్కటే. దాన్ని మూఢత్వమని తీసిపారేసే ముందు, ఏమీ లేనివాడు కూడా ఉత్తచేతులతో దేవుడి ముందు నిలబడకుండా చూసిన ఆచారమని గుర్తించాలి.

ఇదంతా నాకు వింతగా అనిపించకపోవడానికి కారణం మా ఇరుగుపొరుగే. వర్ని వైపు జలాల్‌పూర్ దగ్గర పెద్దగుట్ట మీద సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గా ఉంది. అక్కడ కందూరు చేసేవాళ్ళలో హిందువులకు కొదవ లేదు. ఏ కొండ ఎవరు ఎక్కాలో చెప్పేవాళ్ళు ఈ మధ్య మా వైపు కూడా తయారయ్యారు. నా భయమంతా అదే. పెద్దగుట్టకు వెళ్ళివచ్చిన ఇంటి ఆడవాళ్ళను పట్టుకుని "మీరు అక్కడికెందుకు పోయిండ్రు?" అని నిలదీసే రోజు వస్తే, వాళ్ళు చెప్పగలిగిన సమాధానం "మొక్కుకున్నం" అన్న ఒక్క ముక్కే. ఆ ముక్క చాలదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అన్నట్టు, 1969లో రోము నగరం భారతీయ పద్ధతులు పన్నెండింటిని కాథలిక్ ఆరాధనలోకి అనుమతించింది. చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, అంజలి ఘటించడం, హారతి అందులో ఉన్నాయి. గుండూ, కొబ్బరికాయా లేవు. గుణదల క్షురకులకు ఆ జాబితా సంగతి తెలిసినట్టు లేదు.

వెళ్ళదలచినవారికి ఒక మాట. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో కాలు పెట్టే చోటుండదు. మామూలు రోజున వెళితే గుహ ముందు తీరిగ్గా నిలబడవచ్చు. శిలువ దాకా ఎక్కాలనుకుంటే మాత్రం తెల్లవారే బయలుదేరండి. ఎండెక్కితే చెప్పుల్లేని కాళ్ళకు ఆ రాయి చురుక్కుమంటుంది.