సిపాయికి మనమిచ్చు గౌరవము

దత్తమండలమను పేరును 1928లో నంద్యాల సభయందు త్రోసివేసి రాయలసీమ యని పిలుచుకొంటిమి. పాణ్యమువారమగు మాకది పొరుగూరి ముచ్చట. అయినను ఆ పాతపేరు వచ్చిన కారణమును తలచువారెందఱు? 1800లో నిజాము తన యొద్ద నిలిచిన కంపెనీ సైన్యపు వ్యయమునకై బళ్లారి, కడప సీమలను దత్తము చేసెను. ఆ సైన్యపు విడిదికే 1806లో సికిందరాబాదను పేరు కలిగెను. మన రైతు శిస్తు పరాయి దండునకు జీతమయ్యెను. నాడు సిపాయిని చూచి తలుపు మూసికొనుట సహజమే.

1947 తరువాత సిపాయి మనవాడు. తలుపు మాత్రము ఇంకను తెఱువలేదు. బదిలీలవాడని ఇల్లు అద్దెకీయము. అంగడిలో అతనికొక ధర, ఊరివానికొక ధర. అతడు సరిహద్దునకు పోగా ఒంటిగానున్న ఇల్లాలిపై గుసగుసలు! డిసెంబరు 7న పతాకనిధికి చిల్లర వేసి ఋణము తీరెనందుము.

దండులోని దారులు మూయుటను సికిందరాబాదువారు ఎదిరించుట న్యాయమే. ఆ తగవు అధికారులతో. పప్పుప్పులు కొనవచ్చిన సిపాయితో కాదు.

అతనికి పూజ వలదు, జాలి వలదు. సరియైన తూకము, తగిన అద్దె, అతని ఇల్లాలికి మన వాకిట మర్యాద: ఇవి ఈయలేనివారు జెండా క్రింద నిలిచి జేజేలు పలుకుట వట్టి బూటకము.